థార్‌కి స్టీల్ బంపర్, వించ్: ఏది పెట్టించాలి?

అన్నలూ, నాది డీజిల్ థార్ ఫోర్ బై ఫోర్. వానాకాలంలో మారేడుమిల్లి వైపు మట్టిదారుల్లో తిరుగుతుంటాం. బండి ముందు వైపు స్టీల్ బంపర్, వించ్ (దిగబడ్డ బండిని తాడుతో బయటికి లాగే మోటారు) పెట్టిద్దామని ఉంది. బండి మొత్తం బరువుకు ఒకటిన్నర రెట్లు లాగేది ఉండాలంటారు కదా, ఆ లెక్కన 9,500 పౌండ్లది చాలా, 12,000కి వెళ్లాలా? పెద్దదైతే ముందు స్ప్రింగులు కుంగుతాయేమోనని అనుమానం. తాడు మాత్రం సింథటిక్కే. స్టీల్ కేబుల్ తెగితే కొరడాలా వచ్చి కొడుతుంది, ఆ భయం నాకొద్దు. కానీ బురదకి, రాళ్ల రాపిడికి ఈ సింథటిక్ తాడు ఎన్నాళ్లు ఆగుతుంది?

అసలు బెంగ బంపర్ గురించే. ఎయిర్‌బ్యాగ్ సెన్సర్లకు అడ్డం రాకుండా నేరుగా ఛాసీకి బిగించేది ఎవరైనా వాడుతున్నారా? 2017 డిసెంబర్‌లో కేంద్రం క్రాష్ గార్డులు (బండి ముందు అదనంగా బిగించే ఇలాంటి స్టీల్ గార్డులు) వద్దంది కదా, మరి మీకు చెకింగ్‌లో, ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లో ఇబ్బంది వచ్చిందా?