పెళ్లి ఫొటోలకు గ్రే కార్డు కావాలా, కంటి అంచనా చాలదా?

గాజువాక కెమెరా:
సింహాచలంలో తీసిన పెళ్లి ఆల్బమ్ తిరిగొచ్చింది. వంగపండు రంగు పట్టుచీర అచ్చులో నీలంగా వచ్చిందని పెళ్లికూతురి తల్లి ఒకటే గొడవ. ఫొటోలో రంగులు సరిచూసుకోవడానికి వాడే బూడిదరంగు గ్రే కార్డు, మానిటర్ రంగులు కొలిచే కాలిబ్రేటర్ కొందామంటే మా గురువుగారు ఒప్పుకోవడం లేదు. ‘ముప్పై ఏళ్లుగా నా కళ్లే నా కార్డు’ అంటారు. మీరేమంటారు?

కంటిచూపు:
మీ గురువుగారి మాటే నా మాట. జీలకర్ర బెల్లం పెట్టే వేళ కార్డు పట్టుకుని అడ్డం నిలబడితే పురోహితుడు ఊరుకుంటారా? రంగులు తర్వాత మార్చుకునే వీలుండే రా ఫైలు తీయండి. ఇంటికొచ్చాక పెళ్లికొడుకు తెల్ల పంచె మీద, తెలుపు ఏదో సాఫ్ట్‌వేర్‌కు చూపించే డ్రాపర్ నొక్కితే సరి.

అచ్చుగది:
చిక్కంతా ఆ పంచెతోనే అండీ! తెల్లగా కనబడాలని నీలిమందు పెట్టిన బట్ట అది. దాన్నే అసలు తెలుపని చూపిస్తే, ఆ నీలాన్ని చంపడానికి సాఫ్ట్‌వేర్ ఫొటో అంతటికీ పసుపు పూస్తుంది. మంగళస్నానం ఫొటోలకైతే అడగనే అక్కర్లేదు. తాళి కట్టేటప్పుడు కార్డు ఎవరు పట్టుకోమన్నారు? దీపాలు మారినప్పుడల్లా కార్డుతో ఒక్క ఫొటో చాలు. కాకపోతే పడ్డ వెలుతురులో 18 శాతం తిప్పికొట్టే కార్డులు వెలుతురు కొలవడానికి పుట్టినవి, కొన్నింటిలో రంగు ఛాయ ఉంటుంది. వైట్ బ్యాలెన్స్ కోసం, అంటే తెలుపు తెల్లగా వచ్చేలా రంగులు సరిచేయడానికి, చేసినదే అడిగి కొనండి.

కంటిచూపు:
మండపంలో చవక ఎల్ఈడీలు ఉంటే? వాటి కాంతిలో ముదురు ఎరుపు తక్కువ. వంగపండు రంగులోంచి ఎరుపు పోతే మిగిలేది నీలమే. లేని కాంతిని మీ కార్డు ఎక్కడి నుంచి తెస్తుంది?

అచ్చుగది:
తేలేదు, ఒప్పుకుంటున్నాను. 1976లో వచ్చిన 24 గడుల రంగుల అట్ట కలర్‌చెకర్‌ను అదే వెలుతురులో తీసి, కెమెరాకు రంగుల సవరణ పట్టిక (ప్రొఫైల్) చేసుకుంటే కొంత దారికొస్తుంది, అంతే. కానీ ఈ ఆల్బమ్ విషయంలో నా అనుమానం మానిటర్ మీద. గాజువాక గారూ, రాత్రిళ్లు కళ్లకు హాయిగా ఉంటుందని తెరను పసుపుగా మార్చే మోడ్ పెట్టుకున్నారా? తెర పసుపుగా ఉంటే చెయ్యి తెలియకుండానే రంగును నీలం వైపు జరుపుతుంది. తెల్ల వెలుతురు పసుపు ఛాయో నీలం ఛాయో కెల్విన్లలో చెబుతారు; తెరను 6500 కెల్విన్‌కు పెట్టండి, అచ్చును 5000 కెల్విన్ దీపం కింద చూడండి.

గాజువాక కెమెరా:
ఆ మోడ్ నెల నుంచి ఆన్‌లోనే ఉందండీ! తీసేయగానే తెర మీది చీర కూడా నీలంగానే కనిపించింది. ఆ తేడా ముందు కనిపెట్టింది గురువుగారే. పెళ్లివారి నుంచి చీర తెప్పించి, కిటికీ పక్కన పెట్టుకుని ఇద్దరం సరిచేస్తున్నాం. కాలిబ్రేటర్‌కు సరేనన్నారు. కార్డు మాటెత్తితే మాత్రం ‘మండపంలో పురోహితుడికి నువ్వే చెప్పుకో’ అన్నారు.