బోరా మిలుటినోవిచ్ పద్ధతి మన మూడు వారాల క్యాంపుకు పనికొస్తుందా?

గుత్తిరోడ్_కోచ్:
అన్నలూ, ఒక సంగతి తేల్చుకోవాలి. అనంతపురంలో అండర్-17 పిల్లలకు మూడు వారాల ఫుట్‌బాల్ క్యాంపు. గుంతకల్లు, తాడిపత్రి, ఉరవకొండ, కళ్యాణదుర్గం నుంచి వస్తున్నారు, ఒకరి ఆట ఒకరికి తెలీదు. తర్వాత గ్రూపులో మూడు మ్యాచ్‌లు, దాటితే నాకౌట్, అక్కడ ఓడితే ఇంటికే. ఇలాంటి లెక్కలో పేరు తెచ్చుకున్న కోచ్ అంటే సెర్బియా బోరానే కదా. 1986 నుంచి 2002 దాకా వరసగా ఐదు వరల్డ్ కప్‌లు, ఐదు వేర్వేరు దేశాలు, అందులో నాలుగు గ్రూపు దాటాయి. ఆయన నిజంగా ఏం చేశాడు? మన పిల్లలకు పనికొచ్చేదేది, పక్కన పెట్టాల్సిందేది? మోటివేషన్ అనే మాట తప్ప ఇంకేమైనా చెప్పండి.

పెన్నా_మిడ్‌ఫీల్డ్:
1986 మెక్సికోను ఈ లెక్కలోంచి తీసెయ్ తమ్ముడూ. బోరా బెల్‌గ్రేడ్ పార్టిజాన్ క్లబ్‌లో ఆడి, స్విట్జర్లాండ్‌లో వింటర్‌టూర్, ఫ్రాన్స్‌లో మొనాకో, నీస్, రూఆన్ తిరిగి, 1972లో మెక్సికోలో పూమాస్ క్లబ్‌కు చేరాడు. అక్కడే 1977లో కోచ్ అయ్యి 1980-81 లీగ్ గెలిపించాడు. 1983లో నేషనల్ టీము చేతికొచ్చేసరికి హ్యూగో సాంచెజ్, నెగ్రెటే లాంటి వాళ్లు ఆయన పూమాస్‌లో చూసిన పిల్లలే. క్వార్టర్ ఫైనల్‌లో పశ్చిమ జర్మనీతో 0-0, పెనాల్టీల్లో ఓటమి. దాని వెనక ఏళ్ల పని ఉంది, మూడు వారాల కిటుకు కాదు.

నీకు కావాల్సింది కోస్టారికా, 1990. వరల్డ్ కప్‌కు కొద్ది నెలల ముందు టీము చేతికిచ్చారు. దాదాపు అందరూ సొంత లీగ్‌లో ఆడేవాళ్లే. ఆయన కొత్త ఆట నేర్పే జోలికి పోలేదు. వెనక మనుషులను దగ్గర దగ్గరగా నిలబెట్టి, బంతి దొరికితే ముందున్న ఒకరిద్దరికి ఖాళీలో వదలమన్నాడు. స్కాట్లాండ్‌పై 1-0, కయాసో గోల్. బ్రెజిల్‌తో ఓడినా ఒక్క గోలే. స్వీడన్‌తో ముందు వెనకబడి, 75వ నిమిషంలో ఫ్లోరెస్ సమం చేస్తే, సబ్‌స్టిట్యూట్‌గా దిగిన మెడ్‌ఫర్డ్ 87వ నిమిషంలో ఒంటరిగా దూసుకుపోయి కొట్టాడు. వేగమున్న కుర్రాణ్ణి అవతలి డిఫెన్స్ అలిసేదాకా బెంచీ మీద దాచుకోవడం అంటే అదీ. మన ఎండలో ఇది ఇంకా బాగా పనిచేస్తుంది.

బ్రెజిల్‌తో మ్యాచ్ ట్యూరిన్‌లో. అవే రంగులు వేసుకునే యువెంటస్ క్లబ్ ఊళ్లో కోస్టారికా నలుపు తెలుపు చారల జెర్సీలతో దిగింది, స్టేడియంలో సగం సానుభూతి అటే పోయింది. మన దగ్గర జెర్సీ రంగు చూసి ఎవరూ అరవరులే.

కడప_టచ్‌లైన్:
పొగడ్త సరే గానీ, అదే కోస్టారికా తర్వాతి మ్యాచ్‌లో ఎట్లా కూలిందో కూడా చెప్పాలి కదన్నా. గోల్‌కీపర్ కొనెహో గాయంతో లేడు, రెండో కీపర్ బర్రాంటెస్ దిగాడు. చెకొస్లొవేకియా స్కుహ్రవీ మూడు గోల్స్, మూడూ తలతోనే. 4-1. గోలు దగ్గర గుంపుగా నిలబడే టీముకు పక్కల నుంచి వచ్చే ఎత్తు బంతే గండం. బయటికొచ్చి పట్టుకునే కీపర్ లేకపోతే ఆ గుంపు వల్ల లాభం లేదు.

ఇంకోటి, ఆయన ఒడుపంతా చిన్న టోర్నమెంట్ల వరకే. 1999లో న్యూయార్క్ మెట్రోస్టార్స్ క్లబ్‌ను పూర్తి సీజన్ నడిపితే 7 గెలుపులు, 25 ఓటములు. లీగ్‌లో ప్రతి వారం అవతలివాడు నీ ఆట చూసి వస్తాడు. 2002లో ఆయన నడిపిన చైనాకైతే అదృష్టం కలిసొచ్చింది. జపాన్, కొరియా ఆతిథ్య దేశాలు కాబట్టి క్వాలిఫయర్లలో లేవు. అసలు టోర్నీలో మూడు ఓటములు, తొమ్మిది గోల్స్ తిని ఒక్కటీ కొట్టలేదు. అందులో మొదటి దెబ్బ కొట్టింది కోస్టారికానే.

తాడిపత్రి_కీపర్:
కీపర్ సంగతి వచ్చింది కాబట్టి సెప్తా. ఇద్దరు కీపర్లనీ మొదటి రోజు నుంచే అసలు డిఫెన్స్‌తో కలిపి ఆడించల్ల. రెండో వాణ్ణి పక్కన వామప్‌కు మాత్రమే వాడితే, వాడు దిగిన రోజు "కీపర్" అనే అరుపు స్టాపర్లకు, అంటే గోలు ముందు నడిమి డిఫెండర్లకు, కొత్తగా ఉంటాది, ఇద్దరూ ఒకే బంతికి ఎగురుతారు. రోజూ కుడి నుంచి 15, ఎడమ నుంచి 15 క్రాసులు (పక్క నుంచి గోలు ముందుకు ఎత్తి వేసే బంతులు), బాక్సులో నలుగురు అటాకర్లు, ఐదుగురు డిఫెండర్లు. ఉత్త బాక్సులో క్రాసులు పట్టిస్తే ఎవడైనా పడతాడు, దాని వల్ల ఏం లాభం లేదు.

గట్టి ఎర్రనేల మీద బంతి గాలి కూడా చూడల్ల. రూలు ప్రకారం 8.5 నుంచి 15.6 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దాకా ఉండొచ్చు. పిల్లలు నొక్కి చూసి రాయి మాదిరి గాలి కొడతారు, అది స్టాపర్ తల మీద నుంచి ఎగిరిపోతాది. 9 దగ్గర పెట్టి, గేజ్‌తో చూడు. ఎండలో పెట్టిన బంతికి ప్రెషర్ పెరుగుతాది, ఆటకు ముందు ఇంకోసారి చూడు.

గుత్తిరోడ్_కోచ్:
బాగుంది. మూడు వారాలను ఎలా పంచుకోవాలి? గ్రూపు దాటాక పిల్లలు చల్లబడిపోతారు, దానికేమన్నా ఉందా?

పెన్నా_మిడ్‌ఫీల్డ్:
మొదటి మూడు రోజులు ఏడుగురి మీద ఏడుగురు, చిన్న గ్రౌండ్. మాటలు చెప్పకు, చూడు. బంతి పోగొట్టుకున్న మరుక్షణం ఎవడు వెనక్కి తిరుగుతాడో రాసుకో. మిగతా మొదటి వారమంతా నిలబడే చోట్లే. నలుగురి వరస రెండు, మధ్యలో 10 నుంచి 12 మీటర్లు. కోన్‌లు పెట్టి, బంతి అటు పోతే అందరూ అటు జరగాలి. మొదట నడకలో, తర్వాత పరుగులో. సాధారణంగా బెడిసేది ఎక్కడంటే, వింగర్ (పక్క గీత వెంబడి ముందు ఆడేవాడు) అలిసి వెనక్కి రాడు, ఫుల్‌బ్యాక్ (అదే పక్కన వెనకుండే డిఫెండర్) మీద ఇద్దరు పడతారు. అలాంటి వింగర్ ఎంత డ్రిబ్లింగ్ చేసినా మొదటి పదకొండులో వద్దు. రెండో వారం ఫ్రీకిక్‌లు, కార్నర్లు, బంతి దొరికిన వెంటనే మూడు పాసుల్లో షాట్. మూడో వారం రెండు ప్రాక్టీసు మ్యాచ్‌లు, మిగిలిన రోజుల్లో పని తగ్గించు. పొద్దున ఆరు నుంచి ఎనిమిది లోపే, ఇరవై నిమిషాలకోసారి నీళ్లు.

చల్లబడటం గురించి అడిగావు. 1998లో బోరా నడిపిన నైజీరియా చూడు. స్పెయిన్‌పై 3-2, ఒలిసే దూరం నుంచి పేల్చిన గోలు, తర్వాత బల్గేరియాపై 1-0. రెండు మ్యాచ్‌లకే గ్రూపు ఖాయం. మూడో దాంట్లో పరాగ్వేతో 1-3. ఆ పుణ్యాన స్పెయిన్ ఇంటికెళ్లింది. నాకౌట్‌లో డెన్మార్క్ 12వ నిమిషానికే రెండు కొట్టింది, ఆఖరికి 1-4. కాబట్టి మూడో మ్యాచ్‌లో ముగ్గురు నలుగురికి విశ్రాంతి ఇవ్వు, స్టాపర్ల జంటను, కీపర్‌ను మార్చకు. నాకౌట్‌లో మొదటి పావుగంట కార్నర్లకు కూడా ఇద్దరినే ముందుకు పంపు.

కడప_టచ్‌లైన్:
పసుపు కార్డుల లెక్క మర్చిపోవద్దు. 1994లో అమెరికాను గ్రూపు దాటించాడు. అప్పుడు అక్కడ సరైన లీగే లేదు, ఫెడరేషనే కాలిఫోర్నియా మిషన్ వియెహోలో ఆటగాళ్లను ఒకచోట పెట్టి క్యాంపు నడిపింది. తీరా జులై 4న బ్రెజిల్‌తో మ్యాచ్‌కు హార్క్స్ లేడు, రెండు పసుపు కార్డులు. లియోనార్డోకు రెడ్ పడి బ్రెజిల్ రెండో సగమంతా పదిమందితో ఆడినా, బెబెటో కొట్టిన ఒక్క గోలుతో అమెరికా పోయింది. టోర్నీ రూల్ కాగితం మొదటి రోజే తీసుకుని, ఎన్ని కార్డులకు మ్యాచ్ పోతుందో, గ్రూపు తర్వాత అవి చెరిగిపోతాయో లేదో చూసుకో.

ఇంకా, పదిమంది మీద ఆడటం ప్రాక్టీసు చెయ్. డిఫెన్స్ ఒక్కటే నేర్చుకున్న టీముకు బంతి దొరికితే ఏం చెయ్యాలో తోచదు. 2009 కాన్ఫెడరేషన్స్ కప్‌లో బోరా నడిపిన ఇరాక్ మూడు మ్యాచ్‌ల్లో తిన్నది ఒక్క గోలే, అదీ స్పెయిన్ చేతిలో. కానీ దక్షిణాఫ్రికాతో 0-0, న్యూజిలాండ్‌తో 0-0, కొట్టినవి సున్నా, ఇంటికి. రెండో వారంలో రోజుకు అరగంట ఎనిమిది మంది మీద పదిమందిని ఆడించు. ఆ పదిమందిలో ఒక్కొక్కరికి రెండు టచ్‌లే, అంటే బంతిని రెండుసార్లే తాకాలి, పక్కల నుంచి వచ్చే గోలుకు రెండు పాయింట్లు.