అప్‌డేట్: గ్యాస్ మార్పించేశా, ఏసీ చల్లగా ఉంది

మా 1993 కారు ఏసీలో ఆర్‌12 (పాత రకం ఏసీ గ్యాస్) అయిపోయింది, బదులుగా ఏది ఎక్కించాలని పోయిన నెల అడిగాను కదా. చివరికి దాని తర్వాత వచ్చిన ఆర్‌134ఏ గ్యాస్ వేయించా. ఒక మెకానిక్ ఎల్పీజీ లాంటి గ్యాస్ చవగ్గా కొడతానన్నాడు. లోపలికి లీకైతే అంటుకునే సరుకది, దణ్ణం పెట్టి వచ్చేశా.

రెండో ఆయన కంప్రెసర్ విప్పి వంచితే పాత మినరల్ ఆయిల్ టీ డికాషన్ రంగులో కారింది. అది 134ఏతో కలవదు. అందుకే ఎస్టర్ ఆయిల్ పోసి, రిసీవర్ డ్రయర్ (తేమ పీల్చే డబ్బా), ఓ-రింగులు (లీకులు ఆపే రబ్బరు రింగులు) కొత్తవి వేశాడు. ముప్పావుగంట వ్యాక్యూమ్ పెట్టి లోపలి గాలి, తేమ లాగేశాడు. గ్యాస్ మాత్రం ఆర్‌12 పట్టే లెక్కలో 85 శాతమే కొట్టాడు! నిండా కొట్టమని పోరాను, ప్రెజర్ పెరుగుతుందని వినలేదు.

హైవే మీద చలేస్తోంది. సిగ్నల్ దగ్గర ఆగితే గాలి కాస్త వెచ్చబడుతోంది. జీతం పడ్డాక కండెన్సర్‌కి (గ్యాస్ వేడిని బయటికి వదిలే భాగం) ఇంకో ఫ్యాన్ పెట్టిస్తా.