గాయం పూడటం, నాళం పూడటం

ప్రశ్న: హైదరాబాద్‌లో గుండె జబ్బుల మీద పంచబోయే ఒక కరపత్రానికి ప్రూఫులు దిద్దుతున్నాను. అందులో ఈ వాక్యం ఉంది: "స్టెంట్ మీది మందు పూత నాళం పూడకుండా కాపాడుతుంది, కానీ గాయం పూడటమూ ఆలస్యమవుతుంది." (స్టెంట్ అంటే గుండె రక్తనాళాన్ని తెరిచి ఉంచడానికి లోపల బిగించే లోహపు జాలీ గొట్టం.) పూడటం మంచిదో చెడ్డదో తెలియక చదివేవాళ్లు తికమకపడరా?

జవాబు: గాయమూ పూడుతుంది, బావీ పూడుతుంది. రెండూ తెలుగే. చెరువుల్లో పూడిక తీయడం చూసినవాళ్లకు నాళం పూడటం గురించి విడమరచి చెప్పాలా? ఉంచేయండి.

మరో జవాబు: ఒప్పుకోను, అన్నా. ఇక్కడ తేడా చెప్పకపోతే విషయమే పోతుంది. బెలూన్ ఉబ్బించి స్టెంట్ బిగించేటప్పుడు నాళం లోపొర రేగిపోతుంది. దాన్ని మాన్చుకునే హడావిడిలో గోడలోని కండర కణాలు మితిమీరి పెరిగి దారి మూసేస్తాయి. పూత లేని స్టెంట్లకు ఇదే బెడద. మన ఊళ్లో 1990లలో శాస్త్రవేత్త అబ్దుల్ కలాం, గుండె వైద్యులు డాక్టర్ సోమరాజు కలిసి చవగ్గా తయారు చేసిన కలాం-రాజు స్టెంటూ ఆ తరానిదే. 2002-03లో కణాల పెరుగుదలను ఆపే సిరోలిమస్ అనే మందు పూత వచ్చాక ఈ పెరుగుదల బాగా తగ్గింది. అయితే ఆ మందుకు కండర కణం, లోపొర కణం అన్న విచక్షణ లేదు, రెండింటినీ ఆపుతుంది. పైగా మందంతా ఊరిపోయాక కూడా దాన్ని పట్టుకున్న పాలిమర్ (ప్లాస్టిక్ లాంటి పొర) అక్కడే ఉండి వాపు రేపేది. లోపొర కప్పని లోహం మీద నెత్తురు గడ్డకడుతుంది. నెలల తరబడి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ అనే నెత్తురు గడ్డకట్టనివ్వని మందులు మింగమనేది అందుకే. ఇప్పుడు 140 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) స్టెంటు తీగలు 60-80కి సన్నబడ్డాయి, కరిగిపోయే పాలిమర్లు వచ్చాయి. కొన్ని స్టెంట్లకైతే గోడకు ఆనే వైపే మందు పూస్తారు, రక్తం పారే వైపు లోపొర త్వరగా పరుచుకోవాలని. కాబట్టి గాయానికి "మానడం", నాళానికి "పూడుకుపోవడం" అనండి.

మొదటి జవాబిచ్చినవారు: బాగుంది, మరి అదే కరపత్రంలో కింద "మందులు మానవద్దు" అని ఉంటుందిగా! ఒక "మాను" కావాలి, ఒక "మాను" వద్దు!

ప్రశ్న అడిగినవారు: ఉంది, నిజమే! అక్కడ "డాక్టరును అడగకుండా మందులు ఆపవద్దు" అని మారుస్తున్నాను. పైన "పూడుకుపోకుండా", "మానడం" పెడుతున్నాను. "పూత" జోలికి వెళ్లడం లేదు.