ఇంట్లో వాయిస్ ఓవర్, ఆదివారం లైవ్ క్లాసు: 30 వేలలో ఏం కొనాలి?

ప్రశ్న (ఖమ్మం నుంచి):

అందరికీ నమస్కారం. రెండు పనుల కోసం సలహా కావాలండి. ఒకటి, ఆడియో పుస్తకాలకీ చిన్న చిన్న ప్రకటనలకీ గొంతు ఇవ్వడం. రెండోది, ఆదివారాలు పదో తరగతి పిల్లలకు యూట్యూబ్‌లో లెక్కల క్లాసు లైవ్ పెట్టడం. గది 10 బై 12. పైన ఫ్యాను, ఒక పక్క స్టీలు బీరువా, కింద టైల్స్. లాప్‌టాప్ ఐ5, 8 జీబీ ర్యామ్. ఇప్పటికి ఇయర్‌ఫోన్స్ మైకుతోనే నడిపిస్తున్నాను. మొన్న శాంపిల్ పంపితే "గొంతు బాగుంది, కానీ గది మోగుతోంది, వెనక గుయ్‌మని ఏదో వస్తోంది" అని తిప్పి పంపారు. బడ్జెట్ 30 వేలు. మంచి కండెన్సర్ మైకు (చిన్న శబ్దాన్ని కూడా పట్టే రకం) ఒకటి కొనేసి మిగతావి తర్వాత చూసుకుంటే సరిపోతుందా?

జవాబు 1:

మేడమ్, యూఎస్‌బీ కండెన్సర్ తీసుకోండి. ఇంటర్‌ఫేస్ (మైకుని లాప్‌టాప్‌కి కలిపే పెట్టె) గొడవ ఉండదు, నేరుగా లాప్‌టాప్‌కి పెట్టేసుకోవచ్చు.

జవాబు 2:

కండెన్సర్ ఇప్పుడే వద్దండి. పై సలహా నిశ్శబ్దంగా ఉన్న గదికి బాగానే పనిచేస్తుంది. మీ గదిలో ఫ్యాను ఉంది, టైల్స్ ఉన్నాయి, వాటితో పాటు లైవ్ క్లాసు కూడా ఉంది. మీ శాంపిల్‌కి వచ్చిన రెండు ఫిర్యాదులూ మైకు మారిస్తే పోయేవి కావు. కండెన్సర్ పెడితే ఆ రెండూ ఇంకా స్పష్టంగా వినిపిస్తాయి, అంతే.

ముందు గది సంగతి. గది మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. చివర్లో ఠంగుమని తోక వినిపిస్తే అదే వాళ్లు చెప్పిన మోత. గోడలకు గుడ్ల ట్రేలు, అంగుళం మందం ఫోమ్ ముక్కలు అంటించొద్దు, డబ్బు వృథా. పల్చటి ఫోమ్ 'స', 'శ' లాంటి పదునైన శబ్దాలను మాత్రమే పీలుస్తుంది, గొంతులోని బరువైన భాగం గోడకు కొట్టుకుని తిరిగి వస్తూనే ఉంటుంది. దానికి మందం కావాలి. ఇంట్లో ఉన్న దూది పరుపు, బొంతలు, మడతపెట్టిన దుప్పట్లు నిజంగా బాగా పనిచేస్తాయి.

ఎక్కడ పెట్టాలన్నది చాలామంది తప్పుతారు. మైకు వెనక పెడతారు. మైకు చూసేది మీ వైపు కదా, అంటే మీ వీపు వెనక గోడ నుంచి తిరిగొచ్చే శబ్దమే దానికి ఎక్కువ అందుతుంది. కాబట్టి పరుపు మీ వెనక నిలబెట్టండి. కింద జంపఖానా, వీలైతే రెండు మడతలు. బీరువా తలుపు మీద మందపాటి దుప్పటి వేలాడదీయండి, రేకు కూడా మోగుతుంది. గోడకు ఆనుకుని, గది మూలల్లో కూర్చోవద్దు. ఇదంతా గది లోపలి మోత తగ్గించడానికే. వీధిలో కూరగాయల బండి మైకుని ఆపడం దీనివల్ల కాదు. దానికి కిటికీ మూసి, తలుపు కింద సందులో గుడ్డ కుక్కి, ఊరు సద్దుమణిగిన వేళ రికార్డు చేసుకోవడమే దారి.

ఇక గుయ్ శబ్దం. చార్జర్ పీకేసి బ్యాటరీ మీద రికార్డు చేసి చూడండి. పోయిందంటే తేడా కరెంటులో ఉన్నట్టు. సాకెట్‌లో ఎర్త్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. ఎర్త్ పిన్ను విరగ్గొడితే శబ్దం పోతుందని ఎవరైనా చెబితే అస్సలు వినకండి, ప్రాణానికే ప్రమాదం.

సామాన్ల విషయానికొస్తే, రెండు పనులకీ ఒకటే మైకు అన్నప్పుడు గోల ఎక్కువుండే పనిని బట్టి కొనాలి. మీకు అది లైవ్. అందుకని డైనమిక్ మైకు, అంటే కండెన్సర్ అంత సున్నితం కానిది: ష్యూర్ ఎస్‌ఎం58. 1966 నుంచి తయారవుతోంది, దగ్గరున్న గొంతునే ప్రధానంగా పట్టుకుంటుంది. దానికి ఫోకస్‌రైట్ స్కార్లెట్ సోలో నాలుగో తరం ఇంటర్‌ఫేస్, మైకుని దానికి కలిపే ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్, టేబుల్‌కి బిగించే బూమ్ ఆర్మ్ (మైకుని పట్టి ఉంచే వంగే చేయి), చెవులు పూర్తిగా మూసే వైరు హెడ్‌ఫోన్స్. బ్లూటూత్ వద్దు, మీ మాట మీకే ఆలస్యంగా వినిపిస్తుంది.

మైకుని కింద నుంచి మీ నోటి వైపు ఎక్కుపెట్టొద్దు. బూమ్ ఆర్మ్‌తో నుదుటి ఎత్తు నుంచి కిందికి, నోటి వైపు వంచండి. ఈ మైకు వెనక వైపు శబ్దాన్ని దాదాపు వదిలేస్తుంది. ఇలా వంచితే ఆ వెనక వైపు నేరుగా ఫ్యానుని చూస్తుంది. దూరం జానెడు లోపే. దూరం రెట్టింపైతే మీ గొంతు 6 డెసిబెల్స్ తగ్గుతుంది, గది మోత మాత్రం అలాగే ఉంటుంది. ఫోమ్ టోపీ తప్పనిసరి. తెలుగులో భ, ఫ, ధ, ఖ లాంటి ఒత్తక్షరాలు పలికేటప్పుడు గాలి బుస్సున కొడుతుంది. "భాగఫలం" అని పలికి చూడండి, లెక్కల క్లాసులో ఎలాగూ పదేపదే వస్తుంది. బుస్సుమంటే మైకుని పెదాలకు ఎదురుగా కాకుండా కాస్త పక్కకు జరపండి.

ప్రశ్న అడిగినవారు:

చాలా వివరంగా చెప్పారండి, థాంక్స్. పరుపు, దుప్పటి ఈ రోజే పెడతాను. సాఫ్ట్‌వేర్ సంగతి కూడా చెప్పండి. రెండింటికీ ఒకటే వాడొచ్చా? నాకు లైవ్ అంటేనే టెన్షన్.

జవాబు 2:

ఒకటే వద్దు. వాయిస్ ఓవర్‌కి ఆడాసిటీ చాలు, లైవ్‌కి ఓబీఎస్ స్టూడియో. రెండూ ఉచితమే.

ఆడాసిటీలో మీటరు చూస్తూ ఇంటర్‌ఫేస్ మీది గెయిన్ (మైకు శబ్దాన్ని పెంచే నాబ్) పెట్టేటప్పుడు గట్టిగా పలికిన మాట కూడా మైనస్ 12, మైనస్ 6 డెసిబెల్స్ మధ్యే ఆగాలి. ఎరుపు తాకితే ఆ టేక్ పాడైనట్టే, తర్వాత బాగుచేయలేం. ఆడియో పుస్తకాలకు ఏసీఎక్స్ (అమెజాన్ వాళ్ల ఆడియో పుస్తకాల వేదిక) వాళ్ల కొలతలు, ఇవీ డెసిబెల్సే, గుర్తుపెట్టుకోండి: సగటు స్థాయి మైనస్ 23, మైనస్ 18 మధ్య, శిఖరాలు మైనస్ 3 దాటకూడదు, మీరు మాట్లాడనప్పటి చప్పుడు మైనస్ 60 కంటే కింద ఉండాలి. ఈ హద్దుల్లో ఉంటే స్థాయి, చప్పుడు బాలేవని శాంపిల్ తిరిగొచ్చే అవకాశం తక్కువ. ఆ మైనస్ 60 ఫ్యాను తిరుగుతుంటే రాదండి. చదివేటప్పుడు ఫ్యాను ఆపి, పేజీల మధ్య వేసుకోవాల్సిందే. రికార్డయ్యాక చప్పుడు తీసేసే నాయిస్ రిడక్షన్‌తో లాగేద్దాం అనుకోవద్దు. అతిగా వాడితే గొంతు నీళ్లలోంచి వస్తున్నట్టు ఉంటుంది, ఎడిటర్లు వెంటనే పట్టేస్తారు.

లైవ్‌లో అంత పట్టింపు అక్కర్లేదు. ఫ్యాను తక్కువ స్పీడులో తిరగనివ్వండి. ఓబీఎస్‌లో మైకు మీద మూడు ఫిల్టర్లు, నాయిస్ సప్రెషన్ (వెనక చప్పుడు తగ్గిస్తుంది), దాని కింద కంప్రెసర్ (గొంతు హెచ్చుతగ్గులు సర్దుతుంది), చివర్లో లిమిటర్ (శబ్దాన్ని హద్దు దాటనివ్వదు), ఇదే వరసలో పెట్టండి. గొంతు ఒక చెవిలోనే వస్తోందని పిల్లలు అంటే ఖంగారు పడొద్దు, అడ్వాన్స్‌డ్ ఆడియో ప్రాపర్టీస్‌లో మోనో టిక్ పెడితే పోతుంది. శాంపిల్ రేటు (సెకనుకు శబ్దాన్ని ఎన్నిసార్లు కొలుస్తుందో ఆ లెక్క) విండోస్‌లోనూ ఓబీఎస్‌లోనూ 48 కిలోహెర్ట్జ్ ఉండాలి.

8 జీబీ ర్యామ్‌తో 720పీ, సెకనుకు 30 ఫ్రేములు హాయిగా నడుస్తుంది. ఎన్‌కోడర్ (వీడియోని కుదించేది) దగ్గర ఇంటెల్ చిప్‌లోనే ఉండే క్విక్‌సింక్ ఎంచుకోండి, ప్రాసెసర్ మీద బరువు తగ్గుతుంది. బిట్‌రేట్ (సెకనుకు పంపే డేటా) 4,000 కేబీపీఎస్, అంటే 4 ఎంబీపీఎస్, కీఫ్రేమ్ (పూర్తి చిత్రం పంపే వ్యవధి) 2 సెకన్లు. అప్‌లోడ్ స్పీడు దానికి రెట్టింపైనా, అంటే 8 ఎంబీపీఎస్ ఉండేలా చూసుకోండి. వైఫై కాకుండా లాన్ కేబుల్ వాడండి. ఇంకోటి, ఛానల్‌లో లైవ్ మొదటిసారి ఎనేబుల్ చేశాక 24 గంటల దాకా ఆగాల్సి రావచ్చు. శనివారం రాత్రి గుర్తొస్తే ఆదివారం క్లాసు పోయినట్టే, ముందే చేసిపెట్టండి.

జవాబు 3 (నల్గొండ నుంచి):

అన్నా, లైవ్ మధ్యలో కరెంటు పోతే ఏం చేయాలి? మా దగ్గర ఎండాకాలం ఇదే బాధ. పోయినసారి లైవ్‌తో పాటు రికార్డు పెట్టిన ఫైలు కూడా తెరుచుకోలేదు.

జవాబు 2:

తమ్ముడూ, ఆ ఫైలు ఎంపీ4 అయ్యుంటుంది. మామూలు ఎంపీ4 సరిగా ముగియకముందే ఆగిపోతే మొత్తం పోతుంది. ఓబీఎస్‌లో రికార్డింగ్ ఫార్మాట్ ఎంకేవీ పెట్టు, ఆగిన క్షణం వరకు ఉన్నది దక్కుతుంది. తర్వాత ఫైల్ మెనూలో రీమక్స్ రికార్డింగ్స్‌తో ఎంపీ4 చేసుకోవచ్చు. లాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది, ముందు ఆరిపోయేది రౌటర్. దానికి విడిగా దొరికే మినీ యూపీఎస్ ఒకటి తగిలించు. ఫైబర్ బాక్సు వేరుగా ఉంటే దానికీ కావాలి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే అది స్క్వేర్ వేవా, సైన్ వేవా చూడు. స్క్వేర్ వేవ్ అయితే మైకులో బుర్రుమనే అవకాశం ఎక్కువ, ఆ కాసేపు చార్జర్ పీకి బ్యాటరీ మీద నడుపు.

ప్రశ్న అడిగినవారు:

మా ఇన్వర్టర్ కూడా చూస్తాను. సామాన్లు ఆన్‌లైన్‌లోనా, హైదరాబాద్ వచ్చి కొనుక్కోనా?

జవాబు 2:

వీలైతే కోఠిలో గుజరాతీ గల్లీకి ఒకసారి వెళ్లండి. కేబుళ్లు, స్టాండ్లు చేత్తో పట్టి చూసి తీసుకోవచ్చు. బూమ్ ఆర్మ్ మైకు బరువుకి వాలిపోతోందేమో అక్కడే తెలుస్తుంది. మైకు, ఇంటర్‌ఫేస్ మాత్రం బిల్లు, వారంటీ ఇచ్చే అధీకృత డీలర్ దగ్గరే కొనండి. ఎస్‌ఎం58కి నకిలీలు బాగా తిరుగుతున్నాయి, సగం ధరకి ఇస్తామంటే వదిలేయండి. కొనేలోపు పరుపు, దుప్పట్లు సర్ది, ఇప్పుడున్న మైకుతోనే ఫ్యాను ఆపి ఒక నిమిషం, వేసి ఒక నిమిషం ఖాళీ గదిని రికార్డు చేసి ఇక్కడ పెట్టండి. విని ఇంకా ఎక్కడ మోగుతోందో చెబుతాను.