మన చర్చి సెమీ క్రిస్మస్ (క్రిస్మస్‌కు ముందు చేసుకునే వేడుక), డిసెంబర్ 13: హాలు విషయం, అందరూ చూడండి

కార్యదర్శి (గురువారం ఉదయం):
అందరికీ వందనాలు. మొన్న పెట్టిన పనుల పట్టికలో అలంకరణకు, కుర్చీలకు, కేకుకు ఇంకా ఎవరూ పేరు ఇవ్వలేదు. ఆ సంగతి తరువాత చూద్దాం. హాలు వారి నుంచి ఇప్పుడే కబురు వచ్చింది. పైపు పగిలి నేలంతా తడిసిపోయిందట, మరమ్మతు జనవరి దాకా పడుతుందట. మన 13వ తేదీ రద్దు. తొమ్మిది రోజులే ఉన్నాయి. డల్లాస్ చుట్టుపక్కల ఎవరికి ఏ హాలు తెలిసినా ఈ రోజే చెప్పండి.

కోశాధికారి:
మన అడ్వాన్సు 600 డాలర్లు?

కార్యదర్శి:
ఇస్తారట. జనవరిలో.

కోశాధికారి:
అయితే ఇప్పుడు చేతిలో ఉన్నది 1,480. ఫ్రిస్కోలో ఒక విందు హాలుకు ఫోను చేశాను. మనిషికి 38 డాలర్లు, బయటి వంట రానివ్వరు. 140 మందికి ఎంతవుతుందో లెక్క కట్టి, నమస్కారం చెప్పి ఫోను పెట్టేశాను.

సౌండ్ తమ్ముడు:
ప్లేనోలో మా స్నేహితుల సంఘం హాలు 20న ఖాళీగా ఉంది. అద్దె కూడా వద్దంటున్నారు. వారం జరిపితే సరిపోతుంది కదా?

సండే స్కూలు టీచర్:
20 నాటికి సగం మంది పిల్లలు ఇండియా విమానంలో ఉంటారు. గొల్లలు ముగ్గురూ, గబ్రియేలు దూతా వెళ్లిపోతున్నారు. నాటకంలో మరియ ఒక్కతే మిగులుతుంది.

వంటల అక్క:
గొల్లల సంగతి అలా ఉంచండి. 16న మన పాస్టరు అయ్యగారికి మందు ఎక్కిస్తారు. అది గుర్తుందా ఎవరికైనా?

నర్సు చెల్లి:
కొత్తగా చేరినవారి కోసం, అమ్మగారిని అడిగే రాస్తున్నాను. అయ్యగారికి పెద్దపేగు క్యాన్సర్. రెండు వారాలకొకసారి మంగళవారం కీమో. ఆసుపత్రిలో కొన్ని గంటలు కూర్చున్నాక, చిన్న పంపు తగిలించి ఇంటికి పంపుతారు. అది 46 గంటలు నడుస్తుంది. నిన్నటి రాత్రి కూడా దానితోనే పడుకున్నారు, ఈ రోజు తీస్తారు. ఆ మందుల్లో ఆక్సాలిప్లాటిన్ అని ఒకటి ఉంది. అది ఎక్కిన తరువాత కొన్ని రోజులు చల్లనిదేదీ సరిపడదు. ఫ్రిజ్ తలుపు పట్టుకున్నా వేళ్లలో సూదులు దిగినట్టు ఉంటుంది. చలిగాలి పీలిస్తే గొంతు పట్టేసినట్టవుతుంది. 16న ఎక్కిస్తే 20కి నాలుగు రోజులే. 13 అయితే పోయినసారి మందు ఎక్కి పదకొండు రోజులవుతుంది, కాస్త ఓపిక ఉంటుంది. ఆ తేదీ ఊరికే పెట్టలేదు.

సౌండ్ తమ్ముడు:
ఒక మాట అంటాను, తప్పుగా అనుకోవద్దు. ఆగస్టు నుంచి ప్రతి కార్యక్రమమూ అయ్యగారి రక్తపరీక్ష చూసే పెడుతున్నాం. ఈ ఒక్కసారికి సంఘ పెద్దలు ఎవరైనా వాక్యం చెప్పి, ఆయనను ఇంట్లో ఉండనివ్వలేమా?

వంటల అక్క:
తప్పుగానే అనుకుంటున్నాను తమ్ముడూ. రెండేళ్ల కిందటి ఫిబ్రవరిలో అయ్యగారు నీకు చేసింది గుర్తు చేయాలా?

సౌండ్ తమ్ముడు:
అక్కర్లేదు అక్కా. అది గుర్తుంది కాబట్టే అడుగుతున్నాను. పోయిన ఆదివారం స్టూలు మీద కూర్చుని వాక్యం చెబుతూ మధ్యలో ఎందుకు ఆగిపోయారో మీకు తెలుసా? బైబిలు కాగితం వేళ్లకు తగలడం లేదు. మూడుసార్లు ప్రయత్నించి, పేజీ తిప్పలేక, చూడకుండానే చెప్పేశారు. నా బల్ల దగ్గరికి కనిపించింది. వంటగదిలోకి కనిపించదు.

కార్యదర్శి:
ఇద్దరూ కాస్త ఆగండి. పార్కులో షెల్టరు దొరుకుతుందేమో అడుగుతున్నాను.

నర్సు చెల్లి:
డిసెంబర్ సాయంత్రం పార్కులోనా? ఇప్పటిదాకా నేను రాసింది ఎవరైనా చదివారా?

అమ్మగారు (గురువారం రాత్రి):
మేమిద్దరం చదివాము. కీమోతో ఇచ్చే స్టెరాయిడ్ వల్ల ఆయనకు నిద్ర లేదు, ఆయనతోపాటు నాకూ లేదు. ఎవరి మీదా కోపం లేదు. నోరంతా ఇనుము చప్పరించినట్టు ఉందని అన్నం పక్కన పెడతారు గానీ, ఫోను మాత్రం పక్కన పెట్టరు. మొన్న మందు ఎక్కుతుండగానే పక్క కుర్చీలోని పెద్దాయన కోసం ప్రార్థన మొదలుపెట్టారు. చెయ్యి చాపేసరికి ట్యూబు మడతపడి మిషను కూత పెట్టింది. నర్సు పరుగెత్తుకొచ్చింది. ఇంట్లో ఉండమని మీరు చెబితే వినే మనిషా?

కోశాధికారి (శుక్రవారం ఉదయం):
రాత్రి ఒక ఆలోచన వచ్చింది. చిన్నప్పుడు మా నరసాపురం వైపు హాలు ఎక్కడిది? క్యారల్స్ రౌండ్లని తెల్లవార్లూ ఇల్లిల్లూ తిరిగేవాళ్లం. 13న అదే చేద్దాం. ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కో, కార్లలో అరగంట చొప్పున. చివర అయ్యగారి ఇంటి ముందు పాడదాం. మనం చలిలో, ఆయన కిటికీ లోపల వెచ్చగా. అద్దె సున్నా.

అయ్యగారు:
వందనాలు. ఆలోచన బాగుంది, కిటికీ బాగాలేదు. తొట్టిలో శిశువును చూసినట్టు అందరూ వచ్చి నన్ను చూడనక్కరలేదు. నేను కారులో వస్తాను. మొదట ఇర్వింగ్‌లో మామ్మగారి ఇల్లు. తాతగారు పోయాక, జూన్ తరువాత ఆ గడప తొక్కలేకపోయాను. ఫోనులో చేసే ప్రార్థన ఆమెకు సరిగా వినపడదు. ఇంటికి ఐదు నిమిషాలకు మించి మాట్లాడను. సౌండ్ తమ్ముడు చెప్పింది నిజమే, వేళ్లకు స్పర్శ తెలియడం లేదు. కాబట్టి పేజీలు తిప్పే పని అతనిదే.

సౌండ్ తమ్ముడు:
సరే అయ్యగారూ.

నర్సు చెల్లి:
అయితే నా మాట కూడా వినాలి. ఆయనకు మాస్కు. చేతులు కలపడం, కౌగిలింతలు లేవు. జలుబు, దగ్గు ఉన్నవారు ఇంట్లోనే ఉండి పాడుకోండి. థర్మామీటరు నా సంచిలో ఉంటుంది. 100.4 చూపిస్తే ఏ పాట మధ్యలో ఉన్నా సరే, కారు నేరుగా ఎమర్జెన్సీకి వెళ్తుంది. మూడు ఇళ్లు చాలు.

వంటల అక్క:
బిర్యానీ గిన్నెలు కార్లలో తిప్పలేను. పులిహోర పొట్లాలు కడతాను. అయ్యగారికి వేడి జావ ఫ్లాస్కులో వేరుగా. తమ్ముడూ, నీకు రెండు పొట్లాలు.

సండే స్కూలు టీచర్:
ఒంటె వేషం ఏ కారులోనూ పట్టదు. ఒంటెను తీసేస్తున్నాను. లోపల ఉండాల్సిన ఇద్దరికీ మీరే నచ్చజెప్పండి.

సౌండ్ తమ్ముడు:
బ్యాటరీ స్పీకరు నేను తెస్తాను. అయ్యగారిని కూడా నేనే తీసుకొస్తాను. కానీ సీటు వేడెక్కే కారు ఎవరికి ఉంది? నాది పాత కరోలా.

కోశాధికారి:
నాది తీసుకో. పెట్రోలు నింపి తిరిగి ఇవ్వు.