అటుక మీద దొరికిన ఇనుప మొన కర్ర: కదురా, కవ్వమా, ఇంకేదన్నానా?

ప్రశ్న:
దేవరకొండ దగ్గర మా అమ్మమ్మ వాళ్ల పాత ఇల్లు విప్పుతుంటే అటుక మీద ఇది దొరికింది. మూరెడుకు కొంచెం తక్కువ పొడవున్న కర్ర, నడుము దగ్గర అరిగి సన్నబడ్డది, కింద ఇనుప మొన, పైన గుండ్రటి పిడి. ఆ పిడి ఊడి రాదు కానీ వదులుగా తిరుగుతోంది. అమ్మమ్మ కదురు అంటోంది, మామయ్య కవ్వం ముక్క అంటున్నాడు. పేరేంటో, దేనికి వాడేవాళ్లో తెలిసినవాళ్లు చెప్పండి. వీలైతే అచ్చ తెలుగు పేరు కావాలి.

జవాబు:
తమ్మీ, ఇది బరమ. వడ్లోళ్ల, అంటే వడ్రంగుల పనిముట్టు. కర్రకు పొక్కలు, అంటే రంధ్రాలు పెట్టేది.

ఎందుకింత ఖాయంగా చెబుతున్నానంటే, నువ్వు పెట్టిన రెండో ఫోటో పెద్దది చేసి మొన చూడు. కదురు మొన సూదిలా గుండ్రంగా, నున్నగా ఉంటుంది, నూలు జారాలి కాబట్టి దానికి అంచు ఉండకూడదు. నీ దగ్గరున్నది రేకులా వెడల్పుగా కొట్టి, చివర బల్లెం ఆకారం తీసి, రెండు అంచులకూ సాన పట్టింది. నూలు వడికేదానికి అంత పదును పెడితే దారం నిలుస్తుందా? ఇక కవ్వం అయితే కింద పువ్వులా చెక్కిన గుండు ఉండాలి, దీనికి అది విరిగిపోయిన జాడ కూడా లేదు. పైగా ఇనుము కర్రలో దిగిన చోట చుట్టూ చిన్న పొన్ను వేసి ఉంది చూడు, రోకలికి వేస్తారే, అదే పని ఇక్కడా. గట్టిగా అదిమి తిప్పుతుంటే కర్ర చీలిపోకుండా పట్టి ఉంచడానికి.

మామయ్య కవ్వం అనడంలో మాత్రం అర్థం ఉంది. దీన్ని తిప్పే పద్ధతి చల్ల చిలికినట్టే, తాడు చుట్టి అటూ ఇటూ లాగడమే. కాకపోతే కవ్వానికి తాడు రెండు కొసలూ రెండు చేతుల్లో ఉంటాయి, బరమకు ఆ రెండు కొసలనూ ఒక వంకర కర్రకు కట్టి విల్లు చేస్తారు. నీకు దొరకని సగం అదే. నడుము దగ్గర అరిగిన చోటే తాడు ఒక చుట్టు తిరిగేది. కుడి చేత్తో విల్లును ముందుకూ వెనక్కూ రంపం కోసినట్టు ఆడిస్తుంటే కర్ర గిర్రున తిరుగుతుంది, ఎడమ చెయ్యి పైనున్న పిడిని అదిమి పడుతుంది. పిడి వదులుగా ఉండేది అందుకే తమ్మీ, అది పాడై వదులైంది కాదు, అలా చేసిందే. కర్ర తిరగాలి, చెయ్యి తిరగకూడదు. దాన్ని బిగించే పని మాత్రం పెట్టుకోకు.

మొనకు రెండు వైపులా పదును ఎందుకో కూడా ఇందులోనే ఉంది. విల్లు ముందుకు పోయినప్పుడు ఒక వైపు, వెనక్కి వచ్చినప్పుడు ఇంకో వైపు తిరుగుతుంది కదా, ఒక్క అంచుకే పదునుంటే సగం శ్రమ వృథా. రెండంచులూ గీకుతాయి కాబట్టే దీని నుంచి పొడవాటి చెక్కు రాదు, మెత్తటి పొడి వస్తుంది. మెలి తిరిగిన మొన ఉన్న ఇప్పటి డ్రిల్లు ఒకే దిక్కున తిరుగుతుంది, అందుకని దానికి చుట్టలు చుట్టలుగా చెక్కు లేస్తుంది. పాత బరమనూ కొత్త డ్రిల్లునూ పక్కపక్కన వాడి చూస్తే ఈ తేడా ఒక్క నిమిషంలో తెలుస్తుంది.

వాడకం అంటావా, ఇంట్లో కర్ర ఉన్న ప్రతిచోటా దీని పని ఉండేది. దర్వాజలకు చీలలు దిగేసేముందు, మంచం కోళ్లకు పట్టెలు బిగించేముందు, నాగలికి, బండికి. మన వైపు తుమ్మ ఎక్కువ, తుమ్మ ఎంత గట్టిదో చేసినవాళ్లకే తెలుసు, నేరుగా మొల కొడితే మొలన్నా వంగుతుంది, కర్రన్నా పగులుతుంది. ముందు సన్నగా పొక్క పెట్టుకుంటే ఆ రెండూ తప్పుతాయి. నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది గొర్రు పని. విత్తనాలు పోసే జడ్డిగం ఉంటుంది కదా, దాని అడుగున పొక్కలుంటాయి, ఒక్కో పొక్క నుంచి ఒక్కో వెదురు గొట్టంలోకి విత్తనం పోవాలి. ఒకటి పెద్దదై ఇంకోటి చిన్నదైతే ఒక సాలు గుబురుగా, పక్క సాలు పలచగా మొలుస్తుంది. జొన్న, కంది, ఆముదం వేసుకునే మన మెట్ట పొలాల్లో వాన ఎప్పుడు పడితే అప్పుడే విత్తాలి, గొర్రు సరిగ్గా లేకపోతే ఆ అదను పోయినట్టే. వడ్ల ఆయనకు కళ్లంలోనే ధాన్యం కొలిచి ఇచ్చేవాళ్లంటే ఊరికే కాదు, ఆయన చేతి కొలత మీద పంట నిలబడేది.

ఇక పేరు. అచ్చ తెలుగు పేరు అడిగావు. ఇక్కడ నాది గట్టి అభిప్రాయమే. హిందీ, ఉర్దూల్లో బర్మా ఉంది, మనవాళ్లు బరమ, బరమా, బర్మ అని అన్నారు. నిజాం కాలంలో ఉర్దూ రాజభాషగా ఉన్న ప్రాంతం మనది, దర్వాజ, కుర్చీ మన నోట్లో ఎట్లా ఇమిడిపోయాయో ఇదీ అట్లనే ఇమిడింది. దీనికిప్పుడు ఏదో సంస్కృత సమాసం కట్టి తెలుగు పేరని పెడితే ఏ వడ్ల ఆయనకూ అర్థం కాదు. దాన్ని చేతబట్టి బతికినవాళ్లు ఏమని పిలిచారో అదే దాని తెలుగు పేరు. భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1962లో వ్యవసాయ పదాల వృత్తి పదకోశం తెచ్చారు, అందులో మాటలన్నీ పనిచేసే రైతుల దగ్గరికి పోయి సేకరించినవే. మనమూ ఆ దారినే పోవాలి. మీ ఊళ్లో పెద్ద వడ్రంగి ఎవరన్నా ఉంటే ఈ కర్ర తీసుకుపోయి ఆయన చేతికిచ్చి అడుగు, విల్లును ఏమంటారో, పిడిని ఏమంటారో ఆయన నోటి నుంచి రాసుకుని ఇక్కడ పెట్టు.

ఇంకొకరు:
అన్నా, మా అచ్చంపేట వైపు పళ్ల చక్రం ఉండి చేత్తో గుండ్రంగా తిప్పే ఇనుప మిషన్ని కూడా బర్మా అంటారు. రెండూ ఒకటేనా?

జవాబు:
పని ఒకటే తమ్మీ, నిర్మాణం వేరు. నువ్వు చెప్పేది తర్వాత వచ్చింది, పాత పేరే దానికీ అంటుకుంది. అది ఒకే దిక్కున తిరుగుతుంది కాబట్టి మెలి మొన పడుతుంది. పెట్టే పనినిబట్టి పేరు నిలవడం పనిముట్లలో మామూలే.

అడిగిన తమ్ముడు:
చాలా థ్యాంక్స్ అన్నా. అమ్మమ్మకు చెప్పాను, వాళ్ల నాన్న దర్వాజలు చేసేవాడని అప్పుడు గుర్తుచేసుకుంది. ఇది ఎంత పాతదో చెప్పగలమా? మొన బాగా తుప్పు పట్టింది, ఇసుక కాగితంతో రుద్దనా?

జవాబు:
ఆకారం చూసి వయసు కట్టలేం, ఎందుకంటే ఆకారం వేల ఏళ్లుగా పెద్దగా మారలేదు. ఈజిప్టులో రెఖ్మిరె అనే మంత్రి సమాధి గోడ మీద విల్లుతో బరమ తిప్పుతున్న వడ్రంగుల బొమ్మ ఉంది, దాదాపు 3,400 ఏళ్ల కిందటిది. ఆ బొమ్మ పక్కన నీ ఫోటో పెడితే పోలిక నీకే కనబడుతుంది. వయసు కన్నా మీ ముత్తాత వాడాడన్నది పెద్ద సంగతి, అమ్మమ్మ ఇంకా ఏం చెబుతుందో ఫోన్‌లో రికార్డు చేసుకో, ఇప్పుడే చెయ్యి.

తుప్పుకు ఇసుక కాగితం వద్దు, సాన పట్టిన అంచుల గుర్తులు పోతాయి. పొడి గుడ్డతో మట్టి తుడిచి, కొంచెం నూనె రాసి ఒక రాత్రి ఉంచు, పొద్దున మళ్లీ తుడువు, పైపై తుప్పు వదులుతుంది. కర్రకు నీళ్లు తగలనీయకు. వార్నిష్ అసలే వద్దు, నడుము దగ్గర తాడు అరుగుదల కప్పుకుపోతుంది. ఆ అరిగిన చోటు ఎంత వెడల్పుందో కొలిచి ఒక ఫోటో పెట్టు, ఎంత లావు తాడు వాడారో దాన్నిబట్టి చూద్దాం.